హోమ్ థియేటర్ రిసీవర్: వాట్లు కాదు, మాటలు వినపడాలి

  నేను డాలస్ దగ్గర ఇర్వింగ్‌లో ఉంటాను. చేసేది ఐటీ కన్సల్టింగ్. ఎమ్మెస్ చదివింది మాత్రం ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్. అందుకని స్నేహితుల్లో ఎవరు టీవీ కొన్నా, స్పీకర్లు కొన్నా ముందు నాకొక ఫోన్ కొడతారు. ఈ మధ్య ఎక్కువ మంది అడుగుతున్నది ఒకటే ప్రశ్న: "హోమ్ థియేటర్ పెట్టుకుందామనుకుంటున్నాం. తక్కువలో మంచి రిసీవర్ ఏదండీ?" కార్యక్రమ నిర్వాహకులు ఇవాళ దాని గురించే మాట్లాడమన్నారు.

ముందే ఒక మాట చెబుతాను. నేను మోడల్ నంబర్లు చెప్పను. అవి ఒకటి రెండేళ్ళకి మారిపోతుంటాయి. ఏం చూసి కొనాలో తెలిస్తే, వచ్చే ఏడాది వచ్చే పెట్టెకి కూడా అదే కొలబద్ద పనికొస్తుంది.

అసలు రిసీవర్ అంటే ఏమిటి? టీవీ నుంచో, డిస్కు ప్లేయర్ నుంచో వచ్చే ధ్వనిని తీసుకుని, అందులో ఏ శబ్దం ఏ స్పీకర్‌కి వెళ్ళాలో విడదీసి, దానికి బలం ఇచ్చి పంపే పెట్టె. ముందు ఎడమ, కుడి, మధ్యలో సెంటర్, మనకి రెండు పక్కలా కాస్త వెనగ్గా రెండు సరౌండ్ స్పీకర్లు, వెరసి 5. గంభీరమైన శబ్దాల కోసం ఒక సబ్ వూఫర్, అది పాయింట్ 1. అదే 5.1. సినిమా హాళ్ళలో డాల్బీ డిజిటల్ 1992లో "బ్యాట్‌మన్ రిటర్న్స్"తోనూ, డీటీఎస్ 1993లో "జురాసిక్ పార్క్"తోనూ వచ్చాయి. అంటే ఇది ముప్పై ఏళ్ళు దాటిన విద్య. బాగా పండిన విద్య కాబట్టే ఇవాళ చవక పెట్టెలో కూడా పని సరిగ్గానే జరుగుతుంది.

మరి ఇంట్లో ఇదంతా ఎందుకు? చాలామంది బాంబులు పేలే శబ్దం కోసం అనుకుంటారు. నా లెక్కలో మొదటి కారణం అది కాదు. మాటలు వినపడటం కోసం.

మన ఇళ్ళలో టీవీలు ఇప్పుడు అప్పడాల్లా పల్చగా ఉన్నాయి. అంత సన్నటి దాంట్లో స్పీకర్‌కి చోటెక్కడిది? ఏ కిందకో, వెనక గోడకేసో తిప్పి చిన్న స్పీకర్లు పెడతారు. సంగీతం ఎలాగో వినిపిస్తుంది కానీ, మాటల్లో స, ష, త, క లాంటి హల్లులు చెవికి సరిగ్గా చేరవు. వయసు మీద పడిన వాళ్ళకి సాధారణంగా ముందు తగ్గేది కూడా ఆ పై శ్రుతుల వినికిడే. రెండు లోట్లూ ఒకచోట కలుస్తాయి.

మా నాన్నగారికి డెబ్భై దాటాయి. అమ్మా ఆయనా ఆరు నెలలుండటానికి ఇక్కడికి వచ్చారు. ఇక్కడ ఆయనకి కారు లేదు, వీధి చివర టీ కొట్టు లేదు, సాయంత్రం కబుర్లు చెప్పుకోవడానికి స్నేహితులు లేరు. ఉన్న కాలక్షేపం తెలుగు సినిమా ఒక్కటే. ఆ సినిమాలో, "ఏం మాట్లాడుతున్నార్రా, ఒక్క ముక్క అర్థం కావట్లేదు" అని సౌండు పెంచేవారు. వెంటనే ఫైటు వచ్చేది. పక్క గదిలో చంటిది లేచి ఏడ్చేది. మళ్ళీ తగ్గించేవారు. అమ్మ ఒక్కో డైలాగూ ఆయన చెవిలో తిరిగి చెప్పేది. నాలుగు రోజులయ్యాక, "మీరు చూడండమ్మా, నాకు నిద్రొస్తోంది" అని ఆయన లేచి గదిలోకి వెళ్ళిపోవడం మొదలుపెట్టారు. అది నిద్ర కాదని మా ఇంట్లో అందరికీ తెలుసు. మా ఇంట్లో హోమ్ థియేటర్ మొదలైంది అక్కడ. ఇలాంటి ఇబ్బంది ఉంటే ముందు చెవి డాక్టరుకి చూపించాలి. ఆయనకి ఇండియాలో పరీక్ష చేయించాం, మిషను అవసరం లేదన్నారు. అప్పుడే నేను టీవీ వైపు చూశాను.

ఇక్కడ తెలుసుకోవలసిన రహస్యం సెంటర్ స్పీకర్. 5.1లో కలిపిన సినిమాలో మాటలు దాదాపుగా సెంటర్ చానల్‌లోనే ఉంటాయి. నేపథ్య సంగీతం, తుపాకులు, జనం గోల మిగతా వాటిలోకి వెళ్తాయి. రిసీవర్ మెనూలో ప్రతి స్పీకర్ స్థాయీ విడిగా మార్చుకోవచ్చు. సెంటర్‌ని ఒక 2, 3 డెసిబెల్స్ పెంచితే, మొత్తం సౌండు పెంచకుండానే మాట పైకి తేలుతుంది. దాంతోపాటు నైట్ మోడ్ అనో, డైనమిక్ రేంజ్ అనో ఇంకో అమరిక ఉంటుంది. అది గుసగుసని పెంచి, పేలుడుని తగ్గిస్తుంది. చంటిపిల్లలున్న ఇంటికి దీనికి మించిన వరం లేదు.

పాత సినిమాల మాటేమిటి అంటారేమో. 1957 నాటి "మాయాబజార్" ఒకే చానల్ ధ్వనితో తీసింది. 2010లో రంగుల్లో, డీటీఎస్‌తో మళ్ళీ విడుదల చేశారు కానీ, యూట్యూబులో మనం చూసే పాత సినిమాలు చాలా వరకు మోనోనో, స్టీరియోనో. వాటికి రిసీవర్‌లో డాల్బీ సరౌండ్ లేదా ప్రోలాజిక్ అనే పద్ధతి ఎంచుకోండి. ఎడమ కుడి చానల్స్‌లో సమానంగా ఉన్న శబ్దాన్ని అది సెంటర్‌కి నడిపిస్తుంది. మోనో సినిమాలో రెండూ ఒకటే కాబట్టి, ఎస్వీ రంగారావు గారి గొంతు సరిగ్గా తెర మధ్యలోంచి వస్తుంది. మా నాన్నగారు మళ్ళీ సోఫాలో కూర్చుని సినిమా మొత్తం చూసింది ఆ రోజే. సౌండు కూడా ఇదివరకటి కంటే తక్కువే పెట్టుకున్నారు.

సరే, ఇక కొనడం సంగతి. దుకాణంలో ముందు కళ్ళు చెదరగొట్టేది వాట్లు. ఒక పెట్టె మీద 75 వాట్లు, పక్క దాని మీద 150, ఇంకో దాని మీద మొత్తం 1000 అని రాసి ఉంటుంది. మనవాళ్ళు లెక్కలో దిట్టలు కదా, డాలరుకెన్ని వాట్లు అని భాగహారం చేసేస్తారు. ఆ భాగహారం తప్పుదారి పట్టిస్తుంది. ఎందుకో చెబుతాను.

మామూలు స్పీకర్‌కి 1 వాటు ఇస్తే, 1 మీటరు దూరంలో సుమారు 88 డెసిబెల్స్ శబ్దం వస్తుంది. మనం 3 మీటర్లు, అంటే 10 అడుగుల దూరంలో కూర్చుంటే అది సుమారు 10 డెసిబెల్స్ తగ్గి 78 దాకా ఉంటుంది. మామూలు సంభాషణ 60, 65 డెసిబెల్స్. అంటే ఇంట్లో హాయిగా సినిమా చూసేటప్పుడు మనం వాడేది చాలాసేపు 1 వాటు లోపే. వాట్లు రెట్టింపు చేసినప్పుడల్లా పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. 16 వాట్లకి 90 డెసిబెల్స్ వస్తాయి. ఆ స్థాయిలో ఇంట్లో మాట్లాడుకోవాలంటే అరవాలి. 75 వాట్ల పెట్టెకీ 150 వాట్ల పెట్టెకీ తేడా అదే 3 డెసిబెల్స్. పోల్చి చూస్తే తప్ప చెవి గట్టిగా పట్టించుకోదు. శబ్దం రెండింతలైనట్టు అనిపించాలంటే సుమారు పది రెట్ల వాట్లు కావాలి.

పైగా ఆ 150 నిజంగా 150 కాకపోవచ్చు. ఒకే స్పీకర్ కలిపి, ఒకే శ్రుతి మీద, గొంతు చీరుకుపోయేంత వక్రీకరణ, అంటే 10 శాతం డిస్టార్షన్ ఒప్పుకుని కొలిస్తే ఏ పెట్టె అయినా పెద్ద అంకె చూపిస్తుంది. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఈ కొలతల మీద 1974లోనే నిబంధన పెట్టింది. 2024లో దాన్ని బిగించింది: 8 ఓములు, 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా, డిస్టార్షన్ 1 శాతం లోపు కొలిచిన అంకె చెప్పాలి. కాబట్టి "8 ఓములు, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్, 2 చానల్స్" అని రాసిన వరసలో ఉన్న అంకెనే నమ్మండి. అది 60, 70 ఉన్నా మామూలు హాలుకి ధారాళంగా సరిపోతుంది. వాడిన పెట్టెలూ, పాత స్టాకూ కొనేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా చూడాలి. అనుమానం ఉంటే వెనక్కి తిప్పి, కరెంటు ఎంత తీసుకుంటుందో ముద్రించిన చీటీ చదవండి. గోడలోంచి 400 వాట్లు తీసుకునే పెట్టె, స్పీకర్లకి ఏకధాటిగా 1000 వాట్లు ఎక్కణ్ణించి తెచ్చిస్తుంది?

వాట్లు పక్కన పెడితే, చూడవలసినవి నాలుగు.

ఒకటి, చానల్స్. మీ గదిలో నిజంగా ఎన్ని స్పీకర్లు పెడతారు? అపార్టుమెంటు హాల్లో ఐదు పెట్టడమే గగనం. వాళ్ళకి 5.1 చాలు. 7 చానల్స్ ఉన్నది కొనేది ఎప్పుడంటే, పైకప్పు నుంచి కూడా శబ్దం రావాలనుకున్నప్పుడు. అదే డాల్బీ ఎట్మాస్. 2012లో "బ్రేవ్" సినిమాతో హాళ్ళలోకి, 2014లో ఇళ్ళ రిసీవర్లలోకి వచ్చింది. మా డాలస్ శివార్లలో ఇల్లు కొనుక్కున్న వాళ్ళలో చాలామందికి మేడ మీద మీడియా రూమ్ ఉంటుంది. గోడల్లో వైరు ముందే లాగి ఉంటే ఎట్మాస్ ఆలోచించండి. అద్దెకుండే వాళ్ళు ఆ డబ్బు సెంటర్ స్పీకర్ మీద పెట్టండి.

రెండు, టీవీతో కలపడం. రిసీవర్‌కీ టీవీకీ మధ్య ఒకే ఒక్క హెచ్‌డీఎంఐ తీగతో టీవీలోని ధ్వని వెనక్కి తెచ్చే సౌకర్యాన్ని ఆర్క్ అంటారు. అది 2009 నుంచి ఉంది. 2017లో వచ్చిన ఈ-ఆర్క్ ఇంకా ఎక్కువ సమాచారం మోస్తుంది. ఓటీటీ సినిమాలే చూసేవాళ్ళకి మామూలు ఆర్క్ సరిపోతుంది. ఓటీటీల్లో వచ్చే ఎట్మాస్ కూడా అందులోంచి వెళ్ళగలదు. బ్లూరే ప్లేయర్‌ని టీవీకి తగిలించి, అక్కణ్ణించి పూర్తి నాణ్యతతో ధ్వని రప్పించాలంటే టీవీకీ రిసీవర్‌కీ రెండింటికీ ఈ-ఆర్క్ ఉండాలి. ఆర్క్ వాడితే టీవీలో ఉన్న రంధ్రాలే వాడుకుంటాం కాబట్టి, రిసీవర్‌లో 8కె ఉందా లేదా అన్నది పట్టించుకోనక్కర్లేదు. పిల్లలు కొత్త గేమ్ కన్సోల్‌ని రిసీవర్ ద్వారా కలుపుతామంటే మాత్రం 4కె, 120 హెర్ట్జ్ పంపగలదా అని అడిగి తీసుకోండి.

మూడు, మైకు. ఇప్పుడు చాలా రిసీవర్లతో చిన్న మైకు ఇస్తారు. మనం కూర్చునే చోట దాన్ని పెడితే, ప్రతి స్పీకర్ ఎంత దూరంలో ఉందో, ఎంత గట్టిగా మోగుతోందో కొలిచి తనే సర్దుకుంటుంది. డెనాన్‌లో ఆడిసీ, యమహాలో వైపావో, పయొనీర్‌లో ఎంకాక్ అని పేర్లు వేరు, పని ఒకటే. చవక పెట్టెలో కూడా ఇది ఉండి తీరాలి. కొలిచేటప్పుడు ఫ్యాను, ఏసీ, కుక్కరు అన్నీ ఆపండి. మైకుని సోఫా మీద పడెయ్యకుండా, చెవి ఎత్తులో కెమెరా స్టాండు మీద పెట్టండి. తరవాత సెట్టింగులు ఒకసారి చూసి, చిన్న స్పీకర్లయితే క్రాసోవర్ 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. దాని కింది శ్రుతులన్నీ సబ్ వూఫర్ చూసుకుంటుంది, చిన్న స్పీకర్ల మీద భారం తగ్గుతుంది.

నాలుగు, ఓములు. తక్కువ ధర రిసీవర్లకి 6 నుంచి 8 ఓముల స్పీకర్లు నప్పుతాయి. 4 ఓములవి తగిలిస్తే పెట్టె వేడెక్కి, గట్టిగా పెట్టినప్పుడు తనంతట తనే ఆగిపోవచ్చు.

ఇప్పుడు బడ్జెట్. మా ఇంట్లో అనుకున్నది 900 డాలర్లు. దాన్ని ఇలా పంచాం: రిసీవర్‌కి 300, సెంటరూ ముందు రెండు స్పీకర్లకి 350, సబ్ వూఫర్‌కి 150, సరౌండ్ రెంటికి 80, వైర్లకి 20. గమనించారా, రిసీవర్ వాటా మూడో వంతే. చాలామంది దీన్ని తిరగేస్తారు. 700 పెట్టి రిసీవర్ కొని, మిగిలిన 200లో ఐదు స్పీకర్లు వెతుకుతారు. రిసీవర్‌లో హెచ్‌డీఎంఐ పద్ధతులు కొన్నేళ్ళకి పాతబడతాయి. మంచి స్పీకర్ ఇరవై ఏళ్ళయినా చెక్కుచెదరదు. కాబట్టి స్పీకర్ ఆస్తి, రిసీవర్ అద్దె అనుకోండి.

300లో రిసీవర్ ఎలా దొరుకుతుంది? కంపెనీలే వెనక్కి వచ్చిన వాటిని సరిచేసి, వారంటీతో అమ్మే ఫ్యాక్టరీ రిఫర్బిష్డ్ పెట్టెలు చూడండి. కొత్త మోడల్ వచ్చినప్పుడు పాత మోడల్ ధర తగ్గుతుంది, అప్పుడు పట్టుకోండి. ఒకప్పుడు ఫ్రైస్‌కి వెళ్ళి ఓపెన్ బాక్స్ వరసలో గంటలు గంటలు తిరిగేవాళ్ళం. 2021లో అది మూతపడింది. ఇప్పుడు ఎక్కువగా ఆన్‌లైనే. అందుకని వాపసు గడువు ఎన్ని రోజులో, తిరిగి పంపడానికి అయ్యే ఖర్చు ఎవరిదో ముందే కనుక్కోండి. ఈ పెట్టెలు 18, 20 పౌన్ల బరువుంటాయి.

ఇంకా తక్కువలో కావాలా? గరాజ్ సేల్‌కి వెళ్ళండి. హెచ్‌డీఎంఐ లేని ఇరవై ఏళ్ళ నాటి రిసీవర్లు పదీ ఇరవై డాలర్లకి కనిపిస్తాయి. మీ టీవీకి ఆప్టికల్ అవుట్ ఉంటే, దాని ద్వారా డాల్బీ డిజిటల్ 5.1 ఆ పాత పెట్టెకి శుభ్రంగా వెళ్తుంది. ఎట్మాస్ రాదు, ఎట్మాస్ లేదని ఏ అమ్మమ్మా అలగదు. కొనే ముందు అక్కడే ప్లగ్ పెట్టించి, అన్ని చానల్స్ మోగుతున్నాయో లేదో వినండి.

పెట్టుకునేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. 8 ఓముల స్పీకర్లకి 40 అడుగుల లోపు అయితే 16 గేజు రాగి తీగ చాలు. బంగారు పూత అంటూ వందలు పోయకండి. అల్యూమినియం మీద రాగి పూసిన తీగ కాకుండా అచ్చం రాగిది తీసుకోండి. రిసీవర్ పైన గాలి ఆడే చోటు వదలండి. మనకి టీవీ మీదా, ఫ్రిజ్ మీదా ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పే అలవాటు ఉంది, దీని మీద మాత్రం కప్పకండి. కొండపల్లి బొమ్మలు కూడా వేరే అరలో పెట్టండి. అపార్టుమెంటు వాళ్ళు రాత్రి పది దాటాక సబ్ వూఫర్ కట్టేయండి. కింది ఇంటి వాళ్ళకి మన సినిమా కథ తెలియదు, దడదడ మాత్రం తెలుస్తుంది.

మరో ముఖ్య విషయం. "ఇక్కడ చవక కదా, ఇండియా వెళ్ళేటప్పుడు పట్టుకెళ్దాం" అనేవాళ్ళున్నారు. ఇక్కడి రిసీవర్ సాధారణంగా 120 వోల్టులది. అక్కడ 230. నేరుగా ప్లగ్ పెడితే పెట్టె కాలిపోతుంది. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టొచ్చు కానీ, అది రిసీవర్ కంటే బరువుగా ఉండి, ఇంకో మూల కావాలంటుంది. మామూలు స్పీకర్లకి కరెంటు ప్లగ్ ఉండదు కాబట్టి అవి ఎక్కడైనా పనిచేస్తాయి. స్పీకర్లు తీసుకెళ్ళి, రిసీవర్ హైదరాబాదులోనో విజయవాడలోనో కొనుక్కోండి. సబ్ వూఫర్‌కి లోపల యాంప్లిఫయర్ ఉంటుంది. దాని వెనక 115, 230 మార్చుకునే స్విచ్ ఉంటేనే పట్టుకెళ్ళండి.

చివరగా, రిసీవర్ అసలు కొనక్కర్లేని వాళ్ళు కూడా ఉన్నారు. ఒంటి గది అపార్టుమెంటులో ఉంటూ ఏడాదికొకసారి ప్రాజెక్టు కోసం ఊరు మారే కుర్రాళ్ళకి ఈ వైర్ల సంసారం దేనికి? సెంటర్ చానల్ విడిగా ఉన్న మంచి సౌండ్ బార్, అంటే పెట్టె మీద 3.1 అని రాసి ఉన్నది, వాళ్ళకి చాలు. ఇల్లు స్థిరపడి, అమ్మానాన్నలు వచ్చిపోతుంటే అప్పుడు రిసీవర్ ఆలోచించండి.

ఏది కొన్నా ఇంటికి తెచ్చాక ఒక పరీక్ష చేయండి. బాంబుల సీను పెట్టొద్దు. ఇద్దరు మెల్లగా మాట్లాడుకునే సీను పెట్టి, సౌండు తగ్గించి, ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళని మీరు కూర్చునే చోట కూర్చోబెట్టండి. ఏమన్నారో వాళ్ళని తిరిగి చెప్పమనండి. వాళ్ళు చెప్పగలిగితే పెట్టిన డబ్బు గిట్టినట్టే. చెప్పలేకపోతే సెంటర్ స్పీకర్ ఎత్తూ, స్థాయీ సరిచూడండి. అప్పటికీ కుదరకపోతే గడువు దాటకముందే వెనక్కి ఇచ్చేయండి.